సెయింట్ డన్‌స్టన్ ఇన్ ద ఈస్ట్ నమూనా: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

లండన్ నగరంలో లోయర్ థేమ్స్ స్ట్రీట్ నుంచి పైకెక్కే సందు పేరు సెయింట్ డన్‌స్టన్స్ హిల్. దాని పక్కనే పైకప్పు లేని చర్చి ఒకటి ఉంటుంది. అద్దాల్లేని కిటికీల్లోంచి తీగలు బయటికి వేలాడుతుంటాయి, ఒక కొసన టవర్ నిలబడి ఉంటుంది. టవర్ నెత్తిన నాలుగు వంపు రాతికాళ్లు మూలల నుంచి లేచి మధ్యలో కలుస్తాయి. ఆ కలిసిన చోట సూదిలాంటి శిఖరం. శిఖరం కింద గాలి తప్ప ఏమీ లేదు. అది ఎలా నిలబడిందో చేత్తో కట్టి చూడడమే ఈ ప్రాజెక్టు.

నమూనాలు రెండు. ఒకటి 1:100లో మొత్తం చర్చి, ఇప్పుడున్న శిథిల రూపంలో. రెండోది శిఖరం కోసం కట్టే తోపుడు బల్ల, అంటే శిఖరం బరువు పక్కకు ఎంత నెడుతుందో పరీక్షించే బల్ల. దాన్ని స్కేలుకు కట్టడం లేదు, బరువులు వేసి కూలగొట్టడానికే కడుతున్నాం. ముందు బల్ల, తర్వాత చర్చి.

ఇది ఒకప్పుడు పేరిష్ చర్చి, అంటే మన కతోలికులు విచారణ అంటారే, అదే: ఒక పేట, ఆ పేట బాధ్యత చూసే గురువు, వాళ్లకో చర్చి. ఈ చర్చికి ఇప్పుడు ఆ బాధ్యత లేదు. దీని పేట పక్కనున్న ఆల్ హాలోస్ బై ద టవర్‌లో కలిసిపోయింది.

1వ రోజు: కాలపట్టిక గోడ మీద అంటించడం

ఏ రాయి ఏ కాలానిదో తెలియకపోతే నమూనాలో దేన్ని ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో తేలదు. అందుకే మొదటి రోజు కత్తెర ముట్టలేదు.

చర్చి మొదట లేచింది సుమారు 1100లో. 1391లో దక్షిణం పక్క నడవ కలిపారు. 1631లో 2,400 పౌండ్లకు పైగా పోసి మరమ్మతు చేయించారు. 1666 అగ్నిప్రమాదంలో బాగా కాలింది. ఆ మంటల్లో పోయిన చర్చిలు చాలావాటిని పునాదుల నుంచి తిరిగి కట్టారు గానీ దీనికి మాత్రం 1668–71 మధ్య అతుకులు వేసి సరిపెట్టారు. ఈ అతుకుల సంగతి గుర్తుంచుకోవాలి, 150 ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. 1695–1701 మధ్య వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ టవర్, శిఖరం చేర్చాడు. రెన్ చర్చిలంటే క్లాసికల్ శైలే, అంటే పాత గ్రీకు, రోమన్ తరహాయే ఎక్కువ. ఇక్కడ మాత్రం పాత గోడలకు జోడుగా ఉండాలని గోథిక్, అంటే కొనదేలిన కమానుల మధ్యయుగపు శైలి వేశాడు. అయితే టవర్ చుట్టూ అడ్డంగా వేసిన బరువైన రాతిపట్టీలు మధ్యయుగంలో ఎవరూ వేయనివి. వాటిని బట్టి ఇది పదిహేడో శతాబ్దపు చేయి అని ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు కాళ్ల మీద శిఖరం అన్న ఆలోచనకు ముందే ఒక నమూనా ఉంది: న్యూకాజిల్‌లోని సెయింట్ నికొలస్ చర్చి, పదిహేనో శతాబ్దానిది.

1703 నవంబరు తుఫాను లండన్‌ను ఊడ్చేసిన మర్నాడు శిఖరాలన్నీ దెబ్బతిన్నాయని ఎవరో చెబితే, డన్‌స్టన్‌ది మాత్రం పడి ఉండదని రెన్ అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకున్నా శిఖరం మాత్రం నిలిచే ఉంది.

1817 నాటికి గట్టిగా కనిపించే చర్చి గోడలే తూకం తప్పాయి. మధ్యశాల (జనం కూర్చునే నడిమి భాగం) పైకప్పు బరువు గోడల్ని 7 అంగుళాలు బయటికి నెట్టేసింది. కమానుల ఎత్తు నుంచి పైభాగం మాత్రమే తిరిగి కడదామనుకున్నారు. విప్పి చూస్తే లోపల అంతా డొల్ల, మొత్తం దించక తప్పలేదు. రెన్ టవర్ ఒక్కటి ఉంచుకుని, డేవిడ్ లేంగ్ అనే వాస్తుశిల్పి విలియమ్ టైట్ సాయంతో కొత్త చర్చి గీశాడు. 1817 నవంబరులో శంకుస్థాపన, 1821 జనవరిలో ప్రారంభం. ఖర్చు 36,000 పౌండ్లు. పొడవు 115 అడుగులు, వెడల్పు 67. ఆరేడు వందల మంది పట్టేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 బాంబుల్లో టవర్, శిఖరం మిగిలాయి. మిగతాదాంట్లో ఉత్తరపు గోడ, దక్షిణపు గోడ నిలిచాయి. యుద్ధం తర్వాత చర్చిని తిరిగి కట్టొద్దనుకున్నారు. 1967లో నగర కార్పొరేషన్ దీన్ని తోటగా మార్చాలని తీర్మానించింది, 1971లో తోట తెరిచారు.

కాలపట్టిక చూస్తుంటే కొట్టొచ్చినట్టు కనిపించే సంగతి ఇది: గాల్లో నిలిచినట్టున్న శిఖరం తుఫానుకూ బాంబులకూ ఆగింది, నేల మీద దిట్టంగా కూర్చున్న చర్చి తన పైకప్పును తానే మోయలేక ఒరిగింది. రెండింటిలోనూ పని చేసింది పక్కకు నెట్టే బలమే. శిఖరం దగ్గర దానికి జవాబు ఉంది, చర్చి దగ్గర లేదు.

3వ రోజు: తోపుడు బల్ల కొలతలు

పీట: 18 మి.మీ. ప్లైవుడ్, 250 × 250. మధ్యలో 30 మి.మీ. రంధ్రం.

మూల దిమ్మెలు: 4. ఒక్కోటి 20 × 20 × 40 మి.మీ., ప్లాస్టర్ ఆఫ్ పారిస్. 120 మి.మీ. చదరం నాలుగు మూలల్లో, అతికించకుండా ఊరికే నిలబెట్టాలి. జిగురు పెడితే ప్రయోగానికి అర్థం ఉండదు, అబద్ధం జిగురు మోస్తుంది.

వంపుకాళ్లు: 4. మందం 10, లోతు 14 మి.మీ. (ఇది 8వ రోజు తర్వాత సరిదిద్దిన లోతు). మూల నుంచి మధ్య పీఠం దాకా అడ్డంగా 68 మి.మీ. పోవాలి, పైకి 100 లేవాలి. ఒక్కో కాలు 5 ముక్కలు, మొత్తం 20.

మధ్య పీఠం: 24 × 24 × 40. దాని మీద 150 మి.మీ. ఎత్తు సూది శిఖరం. రెండూ ఎండాక సుమారు 59 గ్రాములు.

బరువు: పీఠం అడుగున కొక్కెం, దానికి దారం. దారం పీట రంధ్రంలోంచి కిందికి దిగుతుంది, కొసన 20 గ్రాముల ప్లాస్టిక్ సీసా. సీసాలో నీళ్లు పోస్తూ పోతే మిల్లీలీటరుకు ఒక గ్రాము చొప్పున శిఖరం బరువెక్కుతుంది. పీటను రెండు స్టూళ్ల మీద అడ్డంగా పెట్టాలి.

5వ రోజు: పోత

అచ్చుకు 5 మి.మీ. సన్‌బోర్డు రెండు పొరలు, గాజుపలక మీద. లోపలి అంచులకు కొబ్బరినూనె పల్చగా. ఎక్కువైతే కాలు ముఖం మీద గుంటలు పడతాయి.

100 గ్రాముల ప్లాస్టర్‌కు 65 మి.లీ. నీళ్లు. ఇది దాదాపు 100 మి.లీ. ముద్ద ఇస్తుంది, ఒక్కో కాలికి 17 చొప్పున నాలుగు కాళ్లు పోసి ఇంకో కాలికి మిగులుతుంది. నీళ్లలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్‌లో నీళ్లు పోయకూడదు. చల్లాక ఒక నిమిషం కదపకుండా నాననిచ్చి, తర్వాత చెంచా పైకి తీయకుండా అడుగున తిప్పాలి. గిలక్కొడితే బుడగలు వస్తాయి, బుడగ ఉన్నచోటే విరుగుతుంది. త్వరగా గట్టిపడుతోంటే రెండు చుక్కల నిమ్మరసం చాలు. ఉప్పు వేస్తే ఇంకా తొందరగా బిగుస్తుంది, మునుపటి పోత తెట్టు గిన్నెలో ఉన్నా అంతే.

తడి ప్లాస్టర్ బలం ఎండినదాంట్లో సగం. చేతికి చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నమ్మదగిన పద్ధతి తూకం: పోసినప్పుడు కాలు 27 గ్రాములు, ఎండాక 19–20 దగ్గర ఆగిపోతుంది. ఫ్యాన్ కింద రెండు రోజులు పట్టింది.

మొదటి పోతలో కాళ్లను ఎండాక రంపంతో అయిదు ముక్కలు కోశాం. నాలుగు కోతలు, కోతకు మిల్లీమీటరు చొప్పున రంపం తినేసింది. కాలు 4 మి.మీ. పొట్టిదై పీఠానికి అందలేదు. రెండో పోతలో పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్నగా కత్తిరించి, పోయకముందే అచ్చులో అడ్డుగా నిలబెట్టాం. ముక్కలు వాటంతటవే విడివడ్డాయి. ఫిల్ములు వంపుకు సరిగ్గా లంబంగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే ఒక ముక్క మీద ఇంకోటి జారిపోతుంది.

8వ రోజు: అందంగా వంచిన కాళ్లు కూలాయి

మొదటి డిజైన్‌లో కాలు లోతు 9 మి.మీ. మాత్రమే. వంపు ఎక్కువ: రెండు కొసల మధ్య దారం లాగితే, కాలు నడుమ దారానికి 14 మి.మీ. దూరంగా ఉబ్బి ఉంది. చూడ్డానికి బాగుంది. అట్టముక్కల ఆధారం తీసిన వెంటనే నడుము దగ్గర కీలు తెరుచుకుని నాలుగూ విరిగాయి.

కారణం తేలికే. అతుకుల రాయి నొక్కుడు ఓర్చుకుంటుంది గానీ లాగుడు ఓర్చుకోదు. పీఠం బరువు పై కొస నుంచి కింది కొసకు దాదాపు తిన్నగా దిగాలని చూస్తుంది. కాలి సొంత బరువు ఆ దారిని కొంచెం పైకి వంచుతుంది, అంతే. ఆ దారి రాయి లోతు లోపలే ఉండాలి. 9 మి.మీ. లోతులో 14 మి.మీ. ఉబ్బు పెడితే దారి మధ్యలో రాయి దాటి గాల్లోకి పోతుంది. రెండో డిజైన్‌లో ఉబ్బు 5, లోతు 14. దారి లోపలే ఉంది, కాలు నిలబడింది.

ఆధారం తీసేటప్పుడు ఒక జాగ్రత్త. నాలుగు కాళ్ల కింద అట్ట సెంట్రింగ్, ఒక్కో దాని కింద ఎదురెదురుగా తోసిన రెండు ఏటవాలు చెక్కముక్కలు ఉండాలి. నాలుగింటినీ వరసగా కొద్దికొద్దిగా సడలిస్తూ రావాలి. ఒక్కదాన్ని ముందు దించితే పీఠం అటు ఒరిగి ఎదుటి కాలిని తోసేస్తుంది. ఇలా ఒక సెట్టు పోయింది.

10వ రోజు: మూల శిఖరాలు అలంకారమా?

టవర్ నాలుగు మూలల్లో, వంపుకాళ్లు మొదలయ్యే చోట, పొడవాటి చిన్న శిఖరాలు ఉన్నాయి. ఫొటోల్లో చూస్తే గోథిక్ ముస్తాబు అనిపిస్తుంది. ఈ రోజు పనంతా వాటి గురించే.

లెక్క ఇలా వస్తుంది. వేలాడే బరువుతో కలిపి పీఠం మీది మొత్తాన్ని గ్రాముల్లో తీసుకుందాం. నాలుగో వంతు ఒక్కో మూలకు నిలువుగా దిగుతుంది. కాలు 100 లేచి 68 పక్కకు పోతోంది కాబట్టి, ఆ నాలుగో వంతులో 0.68 రెట్లు మూలను బయటికి నెడుతుంది. కాలి సొంత బరువు ఇంకో ఆరు గ్రాముల తోపు కలుపుతుంది. తోపు తగిలేది 40 మి.మీ. ఎత్తున. దిమ్మె బయటి మూల మీద ఒరగబోతుంది. దాన్ని పట్టి ఉంచేది నిలువు బరువే, అది బయటి మూలకు 14 మి.మీ. లోపల పనిచేస్తుంది. రెండూ సమానం చేస్తే: మూల శిఖరాలు లేకుండా సుమారు 80 గ్రాముల దగ్గర కూలాలి. ఒక్కో మూల మీద 52 గ్రాములు పెడితే 305 దాకా ఆగాలి.

మొదటి ప్రయత్నం లెక్కకు అందలేదు. దిమ్మెలు ఒరగలేదు, నున్నటి ప్లైవుడ్ మీద బయటికి జారిపోయాయి. తోపు నిలువు బరువులో మూడో వంతు దాటగానే జారుడు మొదలైంది. దిమ్మెల కింద 120 నంబరు సాండ్‌పేపర్ అంటించాక జారుడు ఆగింది. నిజమైన టవర్‌లో ఈ చిక్కు రాదు, కింది రాళ్లతో మూలలు కట్టుబడి ఉంటాయి.

మూల శిఖరాలు లేకుండా: పీఠం 59, సీసా 20, మొత్తం 79 గ్రాములు. ఖాళీ సీసా దారానికి తగిలించి చెయ్యి వదిలామో లేదో, నాలుగు దిమ్మెలూ నాలుగు దిక్కులకు పూవు విచ్చుకున్నట్టు ఒరిగి అంతా కింద పడింది. ఒక్క చుక్క నీరు పోయలేదు.

మూల శిఖరాలతో: కాగితపు గొట్టంలో ఎం12 నట్లు మూడు, కలిపి 52 గ్రాములు. ఖాళీ సీసా తగిలిస్తే కదలిక లేదు. 100 మి.లీ. పోశాం, నిశ్శబ్దం. 150 దగ్గర ఒక దిమ్మె లోపలి అంచు పీట నుంచి లేచి, ఒక కాగితం దూరేంత సందు కనిపించింది. 170 దగ్గర కూలింది. అంటే మొత్తం 250 గ్రాములు, లెక్క చెప్పిన 305 కంటే తక్కువ. మూడుసార్లు చేసినా 245–255 మధ్యే.

తేడా ఎందుకొచ్చిందో పడిన దిమ్మెలు చూస్తే తెలిసింది: బయటి మూల కొన నలిగి పొడైంది. ఒరిగే చోటు మిల్లీమీటరు లోపలికి జరిగింది. 14 బదులు 13 వేసి మళ్లీ లెక్క కడితే 250 వచ్చింది. ఇంత చిన్న నమూనాలో మిల్లీమీటరు పెద్ద సంగతే.

ఇంకో పరీక్ష: నట్లను దిమ్మె మధ్య నుంచి 4 మి.మీ. లోపలికి జరిపితే ఇంకో 60 గ్రాములు ఆగింది. బయటికి జరిపితే అంతే తగ్గింది. కాబట్టి మూల శిఖరం ఎంత బరువో ఒక్కటే కాదు, ఎక్కడ కూర్చుందో కూడా ముఖ్యం. ముస్తాబు అన్నవాళ్లను ఈ బల్ల ముందు కూర్చోబెట్టి నట్లు తీయమనాలి.

14వ రోజు: 7 అంగుళాలు

1817లో గోడలు ఒరిగిన సంగతికి ఎక్కువ సమయం ఇవ్వలేదు. 1:100లో 7 అంగుళాలంటే 1.8 మి.మీ., ఒక అట్ట మందం. ఎవరికీ కనిపించదు. అందుకే 1:10లో ఒక కోత మాత్రం చేశాం: ఎదురెదురు రెండు థర్మకోల్ గోడలు, పైన వాలుగా రెండు చెక్కలు, వాటి కాళ్లను కలిపే అడ్డదూలం లేకుండా. వాలుచెక్కల మీద ఇసుక సంచి పెడితే గోడల తలలు విచ్చుకుంటాయి. తల 18 మి.మీ. బయటికి వచ్చినప్పుడు తూకం గుండు వేలాడదీసి చూస్తే చాలు, 1817లో వాళ్లు ఎందుకు కంగారుపడ్డారో అర్థమవుతుంది. అడ్డంగా ఒక దారం కడితే విచ్చుకోవడం ఆగుతుంది.

లేంగ్ కొత్త చర్చిలో మధ్యశాల లోకప్పు చూడ్డానికి గోథిక్ రాతి కమానుల జాలం, చేసింది మాత్రం ప్లాస్టర్‌తో. రాయిలా గోడల్ని నెట్టదు. దొంగ గోథిక్ అని ముక్కు విరవొచ్చు గానీ, అంతకుముందు గోడలకు జరిగింది చూశాక ఇది తెలివైన పనే అనిపిస్తుంది. పాపం లేంగ్‌కు దెబ్బ ఇంకోచోట తగిలింది. ఈ కొండ దిగువన ఆయనే కట్టిన కస్టమ్ హౌస్‌లో (సుంకాల కార్యాలయం) పునాది సరిపోక 1825లో లాంగ్ రూమ్ అనే పెద్ద హాలు నేల కూలింది. రాబర్ట్ స్మర్క్ అనే మరో వాస్తుశిల్పి దాన్ని తిరిగి కట్టాడు.

17వ రోజు నుంచి: 1:100 నమూనా

నేలకొలత 350 × 204 మి.మీ. గోడలకు 3 మి.మీ. ఎండీఎఫ్, కిటికీ జాలీలకు 1 మి.మీ. మౌంట్‌బోర్డు.

ఎత్తులు ఫొటోల నుంచి తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చుట్టూ సందులు ఇరుకు. ఫోన్ పైకెత్తి తీస్తే నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, శిఖరం ఉన్నదానికంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. అలాంటి ఫొటో నుంచి గీసిన మొదటి శిఖరం చప్పిడి ముక్కులా వచ్చింది. థేమ్స్ అవతలి ఒడ్డు నుంచి జూమ్‌తో తీసిన ఫొటో అయితే శిఖరం దాదాపు తిన్నగా పడుతుంది. కింది భాగం కనపడకపోయినా ఫర్వాలేదు, టవర్ చుట్టూ ఉన్న రాతిపట్టీలు రెండు ఫొటోల్లోనూ దొరుకుతాయి, వాటిని పట్టుకుని జతచేయాలి.

కిటికీల్లోని నిలువు రాతిబద్దలు ఈ స్కేల్లో మిల్లీమీటరున్నర. కట్టర్‌తో కోస్తే పొరలు లేస్తాయి. కోయకముందే బోర్డుకు రెండు వైపులా షెల్లాక్ వార్నిష్ పట్టించి ఎండబెట్టాలి. లోపలి రంధ్రాలు ముందు, బయటి అంచు చివర. వరస తప్పితే చేతిలోనే విరుగుతుంది.

22వ రోజు: రంగు

కొత్త చర్చికి వాడింది పోర్ట్‌లాండ్ రాయి, డోర్సెట్ తీరం నుంచి వచ్చే సున్నపురాయి. లండన్‌లో ఇది రెండు రంగుల్లో ఉంటుంది. వాన కొట్టే ముఖాలు కడిగినట్టు తెల్లగా, వాన తగలని చూరుల కింద నల్లగా. బొగ్గుపొగలోని గంధకం సున్నపురాయితో కలిసి జిప్సమ్ పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు మసిని పట్టుకుంటుంది. వాన పడేచోట పెచ్చు కరిగి కారిపోతుంది.

కాబట్టి అంతటా బూడిదరంగు పూస్తే సిమెంటు గోడలా ఉంటుంది. తెలుపులో కాస్త పసుపుమట్టి రంగు కలిపి మొదట అంతా పూయాలి. ఆరాక, నీళ్లలా పల్చటి నలుపును రాతిపట్టీల కింద, కిటికీ పైవంపుల లోపల మాత్రం ఒకే కుంచె గీతతో వదలాలి. పైముఖాల మీద పడితే తడిగుడ్డతో వెంటనే తుడవాలి.

తీగలకు వాడేసిన టీపొడి: రెండు రోజులు ఎండలో ఎండబెట్టి, ఆకుపచ్చ పోస్టర్ రంగు పట్టించి, ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతులు నీళ్లు కలిపిన జిగురు మీద చల్లాలి. సరిగ్గా ఎండకుండా వాడిన మొదటి విడతకు వారంలో బూజు పట్టింది. లండన్ తోటకు బూజు అంత అసహజం కాదు గానీ వాసన భరించలేం.

మిగిలినవి: మధ్యశాల నడుమ ఉండే పొట్టి ఫౌంటెన్, దక్షిణపు గోడలో రెండు జాలీలు, తోపుడు బల్ల సీసా మీద 170 దగ్గర మార్కర్ గీత.